మహారాణి ఇంకా లేవలేదు

ఆదివారం పొద్దున్నే టైమ్‌కీపరు ఒక రహస్య పథకం వేసుకున్నాడు. భార్య చూడకుండా ఆవిడ లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకెళ్ళి, బాగుచేయించి, మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసి లేచేలోగా మళ్ళీ టేబుల్ మీద పెట్టేయాలి. ఆవిడ తెరిచి చూసి ఆశ్చర్యపోవాలి. ఆ పైన తనను ఒక్క మాట మెచ్చుకోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంట్లో చేసిన మరమ్మతులు చాలానే ఉన్నాయి గానీ, మెచ్చుకోదగ్గది ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఆయన ఉద్యోగం బస్సు డిపోలో. ఏ బస్సు ఎప్పుడు కదిలింది, ఎంత ఆలస్యమైంది అని రాయడమే పని. అలాంటి మనిషి ఇంట్లో అలాంటి లాప్‌టాప్ ఉండటం ఆయనకు తలవంపులుగా ఉండేది. మీట నొక్కితే అది ముందు మూలుగుతుంది. తర్వాత ఫ్యాను గిర్రుమంటుంది. ఆ తర్వాత తెర మీద ఒక చిన్న సున్నా తిరగడం మొదలుపెట్టి, తిరిగి తిరిగి, ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక గానీ తెరుచుకోదు. అందుకే దానికి మహారాణి అని పేరు పెట్టాడు. "మహారాణి గారు లేచారా?" అన్నది రోజూ ఆయన బాత్‌రూమ్‌లోంచి వేసే మొదటి కేక.

ఆయనకు తెలియనిదల్లా ఆ సున్నా తిరుగుతున్నంతసేపూ బయట ఏం జరుగుతుందన్నదే.

ఆయన భార్య ఇంట్లోంచే పని చేస్తుంది. నీళ్ళ పంపుల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు మర్యాదగా జవాబులు రాయాలి. లాప్‌టాప్ తెరుచుకోగానే ఆఫీసులో ఆవిడ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది, అది వెలగగానే సూపర్‌వైజరమ్మ పిలుస్తుంది. అందుకని ఆవిడ మీట నొక్కి, అది లేచేలోగా కూతురిని ముందు పీట మీద కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది. ఆ పిల్ల పదో తరగతికి వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మాటలు మానేసింది. తిన్నావా అంటే "ఊ". బడి ఎలా ఉందంటే "ఏమో". కానీ వీపు తిప్పి కూర్చుని తల అమ్మ చేతికిచ్చాక మాత్రం, ఎవరి మొహమూ చూడక్కర్లేదు గనకనేమో, గలగలా మాట్లాడేస్తుంది. రోజు మొత్తంలో ఆ తల్లికి కూతురు దొరికేది ఆ కాసేపే.

ఆదివారం పథకం మాత్రం దివ్యంగా జరిగిపోయింది. మెకానిక్ లాప్‌టాప్ అడుగు విప్పి, "ఈ ఫ్యానులో దుమ్ము చూశారా సార్? దీంతో చిన్న దిండు కుట్టొచ్చు" అన్నాడు. పాత డిస్కు తీసి కొత్త రకం డిస్కు వేశాడు, మెమరీ పెంచాడు, లోపలున్నవన్నీ పొల్లుపోకుండా ఎక్కించాడు. టైమ్‌కీపరు ఒక మూల కూర్చుని, మీటల సందుల్లో ఏళ్ళనాటి కాఫీ మరకలు పాత బ్రష్షుతో స్వయంగా తోమాడు. నొక్కి చూస్తే చిటికె వేసేలోగా తెరుచుకుంది. ఆయనకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

సోమవారం ఆయన మొదటి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఆవిడ మామూలుగా మీట నొక్కి, కూతురి జుట్టు మూడు పాయలు తీసింది.

"అమ్మా, ఎవరికీ చెప్పకు," అంది పిల్ల గొంతు తగ్గించి. "నా ఫ్రెండు లేదూ, అది నా పక్కన కూర్చోవడం మానేసింది. ఎందుకంటే..."

టింగ్ మంది లాప్‌టాప్. తల్లి ఒక చేత్తో నొక్కగానే సూపర్‌వైజరమ్మ గొంతు వినిపించింది. "గుడ్ మార్నింగ్ అండీ! ఇవాళ తొందరగా వచ్చేశారే! ఒక పంపు ఫిర్యాదు పంపించా, అర్జెంటు!"

"ఎందుకంటే?" అంది తల్లి.

"ఏం లేదులే," అంది పిల్ల. ఆ రోజు జడ వంకరగా వచ్చింది.

ఈ ఘనకార్యం ఎవరిదో ఆవిడ అప్పుడే పోల్చుకుంది. శుభ్రంగా తోమిన మీటలు చూసి ఆవిడ మనసు కరిగింది కూడా. మీరు చేసిన మేలు వల్ల నా కూతురు నాకు దక్కకుండా పోయింది అని అంత ప్రేమగా తోమిన మనిషితో ఎలా అంటుంది? సాయంత్రం ఆయన గుమ్మంలోనే "లాప్‌టాప్ ఎలా ఉంది?" అన్నాడు.

"మెరిసిపోతోందండీ," అంది ఆవిడ, నీరసంగా.

ఆ నీరసం ఆయన్ను రాత్రంతా తొలిచింది. మంగళవారం బాత్‌రూమ్‌లోంచి కేక వేశాడు. "మహారాణి లేచిందా?"

"ఇంకా లేదండీ."

ఆవిడ అబద్ధమాడలేదు. మీట నొక్కితే కదా లేచేది.

ఆయన తువ్వాలు చుట్టుకుని పరుగున వచ్చాడు. "ఇంకానా?"

"ఇంకొంచెం టైం పడుతుందేమో నాన్నా," అంది పిల్ల, వెనక్కి తిరగకుండానే. కూతురు తనతో ఇంత పొడుగు వాక్యం మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఆ ఆనందంలో ఒళ్ళు తుడుచుకోకుండానే చొక్కా తొడుక్కున్నాడు.

భోజనం వేళకు లాప్‌టాప్ మళ్ళీ మెకానిక్ ముందుంది. నొక్కగానే తెరుచుకుంది. "చూశారుగా సార్! లోపం మీ ఇంటి కరెంటులో ఉంది," అని తేల్చేశాడు మెకానిక్.

బుధవారం పొద్దున కూడా మహారాణి లేవలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు మార్చాడు, తీగలు మార్చాడు, గోడకు నాలుగు చిల్లులు పొడిచాడు. అంతా అయ్యాక వంటింట్లో లైటు వేస్తే వీధి గుమ్మంలో కాలింగ్ బెల్ మోగడం మొదలైంది. "మీ కరెంటు భేషుగ్గా ఉందండీ," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆ మెకానిక్కే మీకు పనికిమాలిన డిస్కు అంటగట్టాడు."

టైమ్‌కీపరు ఈ మాట ఉన్నదున్నట్టు మెకానిక్ చెవిన వేశాడు. "నా చేతి పనికి వంక పెడతాడా? రేపు నేనే వస్తా. ఆయన్నీ రమ్మనండి," అన్నాడు మెకానిక్.

గురువారం పొద్దున జడ సగంలో ఉండగా ఇద్దరూ చెరో స్క్రూడ్రైవర్‌తో దిగారు. ఆవిడకు పారిపోయే దారి లేకపోయింది, చేతుల్లో కూతురి జుట్టు ఉంది. మెకానిక్ ముందుకొచ్చి మీట నొక్కాడు. తెర భళ్ళున వెలిగింది. టింగ్ మంటే దాని మీదా ఏదో నొక్కేశాడు.

"బానే ఉందిగా!" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మరి ఇన్నాళ్ళూ ఎవరు నొక్కారు?" అన్నాడు మెకానిక్. అందరూ ఆవిడ వైపు చూశారు.

"ఎవరూ నొక్కలేదు," అంది ఆవిడ. "జడ అయ్యాకే నొక్కుతున్నా."

"అయితే లేవలేదన్నావేం?" అన్నాడు టైమ్‌కీపరు.

"లేవలేదన్నానండీ, చెడిపోయిందని అన్నానా?" అంది ఆవిడ. "మీరు బాగుచేయించారని నాకెంత సంతోషమో చెప్పలేను. కానీ అది టక్కున లేస్తే ఆఫీసు వాళ్ళూ టక్కున పిలుస్తారు. పిల్ల నోరు మూసుకుంటుంది. ఇది మనసు విప్పి మాట్లాడేది ఈ కాసేపేనండీ."

టైమ్‌కీపరు కూతురి వైపు చూశాడు. వెనకనుంచి ఎర్రబడిన చెవులే కనిపించాయి. ఊళ్ళో ప్రతి బస్సు రాకపోకలూ కనిపెట్టే తను, రోజూ తలుపు అవతలే జరుగుతున్నది ఒక్కనాడైనా కనిపెట్టలేదు.

"హలో? వినిపిస్తోందా అండీ?" అంది లాప్‌టాప్.

మెకానిక్ నొక్కింది వీడియో మీట. సూపర్‌వైజరమ్మ తెర నిండా కూర్చుని ఉంది. సర్వీసులో ఒక్క తప్పు టైము రాయని మనిషి గబగబా తెరకు అడ్డంగా వచ్చి, "ఇంకా తెరుచుకోలేదండీ! తిరుగుతూనే ఉంది!" అన్నాడు.

"అవునాండీ? నాకైతే మీరూ, వెనక స్క్రూడ్రైవర్లతో ఇద్దరు మనుషులూ, సగం వేసిన జడా కనిపిస్తున్నాయి," అంది సూపర్‌వైజరమ్మ. "మా అబ్బాయీ అంతేనండీ, ఏం అడిగినా ఊ, ఏమో. వాడికి జడ కూడా లేదు. కానివ్వండి, జడ అయ్యాకే తెరుచుకోనివ్వండి." తెర మీంచి తప్పుకుంది.

మెకానిక్, ఎలక్ట్రీషియన్ ఎవరి పని గొప్పదో తేల్చుకుంటూ మెట్లు దిగారు. మధ్యాహ్నం డిపోలో టైమ్‌కీపరు ఫోనుకు ఇంటినుంచి ఒక సందేశం వచ్చింది. "మీ మరమ్మతు అద్భుతంగా ఉంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు.

మర్నాడు బాత్‌రూమ్‌లోంచి కేక రాలేదు. ఆయన తడి తలతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావాలో వెళ్ళిపోవాలో తెలియలేదు.

"కూర్చో నాన్నా," అంది పిల్ల, తల తిప్పకుండా. "కానీ అటు తిరిగి కూర్చో."

ఆయన కుర్చీ గోడ వైపు తిప్పుకుని, వాళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాడు. తల్లి దువ్వెనతో పాయలు తీసింది. ఈ నాలుగు రోజుల్లో పిల్ల ఏవేవో చెప్పింది గానీ, సోమవారం మింగేసిన ఆ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. తల్లి కూడా అడగలేదు.

"అమ్మా, ఆ రోజు ఎక్కడిదాకా చెప్పాను?"

"ఎందుకంటే దగ్గర ఆగావు," అంది తల్లి.

పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. టైమ్‌కీపరు గోడ వైపే చూస్తూ, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ, జడ పూర్తయ్యేదాకా విన్నాడు.

కొత్త డిస్కు వేయించాక మహారాణి ఎలా ఉందని డిపోలో ఎవరైనా అడిగితే, సరిగ్గా ఆలస్యంగా నడుస్తోందని చెబుతున్నాడు.