లీకయ్యే నల్లా కావలెను

పొదుపు అనేది ఇంటి నుంచే మొదలు కావాలని, అందులోనూ మీ ఇంటి నుంచే మొదలు కావాలని గృహ పొదుపు శాఖ మంత్రిగారు పటాన్‌చెరు సభలో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే ఉన్నాను. కూలర్ అక్కడే పెట్టారు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు మండిపోయాయి.

మంత్రిగారు ఉత్త మాటల మనిషి కారు, లెక్కల మనిషి. నల్లా లీకైతే మనం ప్లంబర్ని పిలుస్తాం. అతను వాషర్ మార్చి వందలు గుంజుతాడు. అదే మనమే మార్చుకుంటే? ఆ మిగులును రాష్ట్రంలో ఉన్న ఇళ్లన్నిటితో హెచ్చవేసి మంత్రిగారు ఒక అంకె చదవబోయారు. అది ఎంత పొడుగుందంటే, సగం చదివాక పీఏ అందుకోవాల్సి వచ్చింది. రాష్ట్రం డబ్బంతా ప్లంబర్ల జేబుల్లో ఇరుక్కుపోయిందని నాకు ఆ రోజే తెలిసింది. అక్కడికక్కడే ‘ఇంటింటికీ పానా’ పథకం ప్రకటించారు. ఇంటికో పానా ఇస్తారు, ఎవరి నల్లా వాళ్లే బిగించుకోవాలి.

“నా సొంత చేతుల్తోని ఒక పేదింటి నల్లా బాగుజేసి సూపిస్త!” అన్నారు మంత్రిగారు.

నాలాంటివాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. నేను టూత్‌పేస్టు ట్యూబును కత్తెరతో చీల్చి, లోపల గీకి మరీ వాడే మనిషిని. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, తెగిన చెప్పుకు వైరు చుట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో నన్ను పిసినారి అంటారు. మొట్టమొదటిసారి ఒక ప్రభుత్వం నా పక్షాన నిలబడింది.

ఆ పేదింటి నల్లాను వెతుక్కుంటూ మా బస్తీకి ఇద్దరొచ్చారు. ఒకరు పొదుపు శాఖ డీఈ సుధీర్ గారు. రెండోవాడు పార్టీ వార్డు ఇన్‌చార్జి శ్రీశైలం. రుద్రారం వెళ్లే దారిలో హైవే దిగితే మా బస్తీ. మా పక్కింటి ముత్యమ్మ ఇల్లు వాళ్లకు తెగ నచ్చేసింది. ఫ్లెక్సీ కట్టడానికి గోడుంది, కాన్వాయ్ తిప్పుకోవడానికి చోటుంది.

“అమ్మా, మీ నల్లా లీకవుతుందా?” అడిగారు డీఈ గారు.

“నీళ్లొస్తె గద సారూ లీకయ్యేది! మూన్నెల్లాయె సుక్క రాక. శనివారం ట్యాంకరొస్తది, ఇంటికి నాలుగు బిందెలు. గంతే.”

“నీళ్లు రాకపోవడం మా సబ్జెక్టు కాదమ్మా. అది వేరే డిపార్ట్‌మెంటు. లీకు మాది.”

ముత్యమ్మకు డిపార్ట్‌మెంట్లు తెలియవు. ఆవిడకు తెలిసిందల్లా శుక్రవారం మనవడి తొట్లె. కూతురు సృజన పురిటికొచ్చి ఉంది. బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజున ఇల్లంతా కడగాలి, తల్లీబిడ్డలకు తలస్నానం చేయించాలి, వచ్చినవాళ్లకు వండిపెట్టాలి. ఎంత పొదుపు చేసినా రెండు డ్రమ్ముల నీళ్లు కావాలి. ఇంట్లో ఉన్నవి ఒక్క బిందెడు.

“మంత్రి సారొస్తె నీళ్లొస్తయా, శ్రీశైలం?”

“గదేం మాటక్కా! మంత్రి సారు వచ్చుడే నీ నల్లా కాడికి. నీళ్లు రాకుంట ఎట్లుంటయి?”

ఆ మాటకు ముత్యమ్మ మొహం కళకళలాడింది. డ్రమ్ములు రెండూ పొడిగుడ్డతో తుడిచి వాకిట్లో పెట్టుకుంది.

గురువారం పొద్దున్నే ట్యాంకరొచ్చింది. దాన్ని ఇంటి వెనక దాచి, పైపు తెచ్చి ముత్యమ్మ నల్లా గొట్టానికి తగిలించారు. అక్కడ చిన్న చిక్కొచ్చి పడింది. నల్లా లీకవడం లేదు. తుప్పుపట్టి ఉడుంపట్టులా బిగుసుకుపోయి ఉంది. డీఈ గారు అధైర్యపడలేదు. పటాన్‌చెరు నుంచి మంచి ప్లంబర్ని పిలిపించి, అడిగినంత ఇచ్చి, నల్లాను పాడు చేయించారు. బాగుచేయడం కంటే పాడుచేయడం కష్టమని అతను డబుల్ రేటు తీసుకున్నాడు.

నీళ్లు కారడం మొదలైందో లేదో, ముత్యమ్మ బిందె పెట్టేసింది. ఆవిడ వెనక బస్తీ మొత్తం బిందెలతో వరస కట్టింది. ఆ వరసలో మా ఆవిడ అన్నపూర్ణ కూడా ఉండడం నాకు తలవంపులుగా తోచింది.

“తీయండమ్మా, బిందెలు తీయండి!” డీఈ గారు పరుగెత్తుకొచ్చారు. “బిందెలో పడితే వృథా ఎలా అవుతుంది? వృథా అవకపోతే అది లీకెలా అవుతుంది? నేల మీద పడాలి. కెమెరాకు కనపడాలి.”

“నేలపాలైతున్నయి గద సారూ!”

“అదేనమ్మా మాక్కావాల్సింది.”

శ్రీశైలం అడ్డంగా తాడు కట్టాడు. తాడుకు ఇవతల బిందెలు, అవతల నీళ్లు. పది గంటలకు రావాల్సిన మంత్రిగారు భానూర్‌లో ఇంకో నల్లా చూసుకుని వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అప్పటిదాకా నీళ్లు మట్టిలోకి పోతూనే ఉన్నాయి. ముత్యమ్మ తాడు పట్టుకుని చూస్తూనే ఉంది. లోపల్నుంచి సృజన, “నిండిందా అమ్మా?” అని అడిగింది. నిజం చెప్పొద్దూ, ఆ నీళ్లు చూస్తే నాకూ ప్రాణం ఒప్పలేదు. కానీ పొదుపు చేయాలంటే ముందు కొంత ఖర్చు తప్పదు కదా.

మంత్రిగారు కారు దిగి బురద చూశారు. మనసు విలవిల్లాడిపోయిందని మొహమే చెప్పింది.

“ఏందమ్మా ఇది? ఇన్ని నీళ్లు ఆగం జేస్తవా? నీళ్ల ఇలువ తెల్వదా నీకు?”

ముత్యమ్మ నోరు తెరిచేలోపే శ్రీశైలం పానా అందించాడు. మంత్రిగారు దాన్ని తిరగేసి పట్టుకున్నారు. గన్‌మన్ సరిచేశాడు. మంత్రిగారు ఒక్క తిప్పు తిప్పారు, ఇంటి వెనక ఎవరో ట్యాంకరు వాల్వు కట్టేశారు. లీకు ఠక్కున ఆగిపోయింది. జిందాబాద్‌లతో బస్తీ దద్దరిల్లింది.

“సారూ, సారూ! జెర బంద్ జేయకుండ్రి! రెండు డ్రమ్ములు నిండనియ్యుండ్రి. రేపు మనుమని తొట్లె. మీ కాల్మొక్త!”

మంత్రిగారు మైకు అందుకున్నారు. “సూశిండ్రా! దుబారా అలవాటైనోళ్లకు ఇడిసిపెట్టుడు ఎంత కష్టమో!”

అంతటి కష్టాన్ని అంత తేలిగ్గా చెప్పగల నాయకుణ్ని నేను ఇంకొకర్ని చూడలేదు. ఏడుస్తున్న ముత్యమ్మ చేతిలో పానా పెట్టి ఆయన ఫొటో దిగారు. ఆనందబాష్పాలని మర్నాడు పేపర్లో వేశారు.

కాన్వాయ్ వెనకే ట్యాంకరూ కదిలింది. అందులో ఇంకా సగం నీళ్లున్నాయి. ముత్యమ్మ అడ్డం పోబోతే శ్రీశైలం ఆపాడు.

“పరేషాన్ చేయకక్కా! ఇస్నాపూర్‌ల మూడింటికి ఇంకో లీకుంది. జల్దీ పోవాలె.”

అందరూ వెళ్లిపోయాక షామియానా కింద వాటర్ బాటిళ్లు మిగిలాయి. పెద్దలు ఒక్కో గుక్క తాగి వదిలేసినవి. ముత్యమ్మ కొంగు దోపుకుని ఒక్కో బాటిలూ డ్రమ్ములో వంపడం మొదలుపెట్టింది. అన్నపూర్ణ వెళ్లి చెయ్యేసింది.

“ఎంగిలి నీళ్లే! పసిగుడ్డుకి...” అన్నాను.

“మీ ఉపన్యాసం ఆపి ఆ కుర్చీల కిందవి ఇలా అందుకోండి,” అంది.

అందుకున్నాను. డ్రమ్ములో జానెడు లేచాయి. శుక్రవారం ఇల్లు కడగలేదు, తడిగుడ్డ పెట్టారు. ఆ నీళ్లే కాచి బిడ్డకు పోశారు. సృజనకు తలస్నానం లేదు. చుట్టాలను ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోమన్నారు. తొట్లె ఎలాగో గట్టెక్కింది కానీ ముత్యమ్మ ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేకపోయింది.

ఈ బాటిళ్ల ముచ్చట ఎవరో ఫోన్లో తీసి శ్రీశైలానికి పంపారట, అతను పైకి పంపాడు. సోమవారం డీఈ గారు శాలువా, మెమెంటో పట్టుకుని దిగారు. ముత్యమ్మ ‘ఉత్తమ పొదుపు గృహిణి’గా ఎంపికైంది. వెంట ఒక ఆర్డరు కూడా ఉంది. డీఈ గారు నిలబడి చదివారు.

“బాటిళ్ల అడుగున మిగిలిన నీటితో సైతం శుభకార్యము నిర్వహించవచ్చునని ఈ బస్తీ నిరూపించినందున, శనివారపు ట్యాంకరు రద్దు చేయడమైనది. సదరు ట్యాంకరును ఇకపై మంత్రిగారి కార్యక్రమములలో లీకుల నిమిత్తము వినియోగించవలెను.”

“ట్యాంకరు వేరే డిపార్ట్‌మెంటుది కదండీ?” అన్నాను, ఊరికే తెలుసుకుందామని.

“పంపడం వాళ్ల సబ్జెక్టు, త్రినాథరావు గారూ. మిగల్చడం మాది.”

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అలవాటు కొద్దీ నేను కొట్టాను. ముత్యమ్మ భుజాన శాలువాతోనే డీఈ గారికి దగ్గరగా వెళ్లింది.

“గట్లయితె మా నల్లా మళ్ల ఎప్పుడు ఖరాబ్ జేస్తరు సారూ?”

డీఈ గారు డైరీ తిరగేశారు. “దరఖాస్తు పెట్టుకోవాలమ్మా. వరస ప్రకారం చూస్తాం.”

తమ ఇంటి నల్లాను తక్షణం పాడు చేయవలసిందిగా కోరుతూ సాయంత్రానికల్లా బస్తీ అంతా దరఖాస్తులు పెట్టుకుంది. అందరికంటే ముందు పెట్టినవాణ్ని నేనే.