చింతపండు నీళ్లకు పాజిటివ్

శనివారం కూతురు యారెట్సీకి పదిహేనో పుట్టినరోజు. ఆ రోజు హాల్లో, ఊరంతా చూస్తుండగా ఆచారం ప్రకారం తండ్రి కూతురితో వాల్ట్జ్ డాన్సు చెయ్యాలి. కాబట్టి గురువారం పొద్దున ఆ తండ్రి, దోన్ ఎవరిస్తో, పెట్టుకున్న పని ఒక్కటే, గౌను తొక్కకుండా తిరగడం నేర్చుకోవడం.

ఎటొచ్చీ భయమల్లా కరోనాతోనే. కేసుల్ని బట్టి ప్రభుత్వం ఊళ్లకి రంగులు వేస్తోంది. వాళ్ల ఊరు శాన్ హసింతోది ప్రస్తుతం పసుపు. ఒక్క కేసు వస్తే ఎరుపు, హాలుకి తాళం. మునిసిపాలిటీ మైకు చెప్పే లెక్కకీ ఆసుపత్రి మైకు చెప్పే లెక్కకీ ఎప్పుడూ పొంతన ఉండదు. ఈ వారం మాత్రం రెండూ పొరపాటున ఒకే మాట అన్నాయి: సున్నా.

"అసలు ఆ టెస్టులే తప్పు" అనేది ఎవరిస్తో సిద్ధాంతం. ఆయన బీమా ఏజెంటు, అంచేత ఆయనకి తెలియని విషయం లేదు.

భార్య ఒఫేలియా చింతపండు నీళ్లు ఇచ్చింది. తాగి పెదవి విరిచాడు.

"ఇందులో చింతపండు వేశావా, దూరం నుంచి చూపించావా?"

"వాసనకే నా పళ్లు పులిశాయి. మీ నాలుకే చెడింది."

అప్పుడే ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇంట్లో ఉన్న కరోనా టెస్టు కిట్టులో ఆ నీళ్లు నాలుగు చుక్కలు వేశాడు. రెండు గీతలు, అంటే పాజిటివ్! గంతేసి, ఫోటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "మా ఇంట్లో చేసిన టెస్టు చూశారుగా. వివరాలు సాయంత్రం." ఫోను కట్టేసి వాల్ట్జ్‌లో మునిగాడు.

వీధి సాయంత్రం దాకా ఆగలేదు. రొట్టెలవాడు రొట్టెల్ని కర్రకి గుచ్చి కిటికీలోంచి అందించాడు. పార్టీలో వాయించాల్సిన మరియాచీ బృందం బయానా వెనక్కి పంపింది. కేకు ఖర్చు తనదేనన్న నర్సు రొసౌరా, ఏడుస్తూనే, కేసు పైఅధికారులకి చెప్పేసింది. మధ్యాహ్నానికి ఊరు ఎరుపు. యారెట్సీ గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఎవరిస్తో చింతపండు నీళ్ల జగ్గు చంకన పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. వెనకే మైకు పట్టుకుని మునిసిపాలిటీ మనిషి.

"వదినగారూ, పాజిటివ్ వచ్చింది నాక్కాదు, దీనికి."

"చెప్పిన కేసు తియ్యాలంటే రోగికి మళ్లీ టెస్టు చెయ్యాలి అన్నయ్యగారూ. రూలు."

"రోగి జగ్గండీ" అంది మునిసిపాలిటీ మైకు.

"జగ్గుకే చేస్తాం" అంది రొసౌరా.

చేసింది. మళ్లీ రెండు గీతలు. రెండుసార్లు నిర్ధారణ అయిందని ఆసుపత్రి మైకు ప్రకటించింది. జగ్గు మన ఊరి ఓటరు కాదని మునిసిపాలిటీ మైకు ప్రకటించింది.

"ఇదేగా నేను మొత్తుకునేది!" ఎవరిస్తో ముక్కు ముందుకి చాపాడు. "నాకు చెయ్యండి. మనిషికీ చింతపండుకీ తేడా తెలుస్తుంది."

రొసౌరా ఈసారి కిట్టు పక్కన పెట్టి పెద్ద మిషన్లో చేసింది. ఫలితం చూసి, మాస్కు ఇంకాస్త పైకి లాక్కుని అడిగింది.

"పొద్దున ఆ నీళ్లు పుల్లగా ఉన్నాయా అన్నయ్యగారూ?"

ఎవరిస్తో జగ్గెత్తి ఇంకో గుక్క తాగాడు. మంచినీళ్లలా ఉన్నాయి. జగ్గు దించేశాడు.

శనివారం యారెట్సీ నీలం గౌనులో పెరట్లో ఒంటరిగా వాల్ట్జ్ వేసింది. కిటికీ అద్దం అవతల తండ్రి గాలిని పట్టుకుని తిరిగాడు. "గౌను తొక్కలేదు, అదొక్కటే లాభం" అంది కూతురు, నవ్వాపుకుంటూ.

ఆ సాయంత్రం మునిసిపాలిటీ ఒక కేసంది, ఆసుపత్రి రెండంది. రెండో కేసు ఫ్రిజ్‌లో కోలుకుంటోంది.