ఒంటరి చీమ, ఏడుగురు ప్రెసిడెంట్లు

పొద్దున్నే అయిదున్నరకు ఫోన్‌లోకి నీతి కథలు పంపేవాళ్లకు మన ఊళ్లో ఒక విగ్రహం పెట్టాలి! నేను నవ్వులాటకు అనడం లేదు. పాలవాడి కంటే ముందు మనల్ని తలుచుకునేది ఎవరు? మనం పళ్లు కూడా తోముకోకముందే మనల్ని గొప్పవాళ్లను చేసేద్దామని తపించేది ఎవరు? అలాంటి మహానుభావుల్ని పట్టుకుని న్యూసెన్స్ అంటారా? ముందు నోళ్లు కడుక్కోండి!

నా పేరు కైలాసం. వయసు యాభై మూడు. ధూల్‌పేట్ పక్క గల్లీలో స్టీలు సామాన్ల దుకాణం. పదో తరగతి రెండుసార్లు రాశాను. రెండుసార్లూ పాసవలేదు కాబట్టి చదువు విలువ నాకు మస్తు తెలుసు. బడి నాకు నేర్పలేనిది ఒక చీమ నేర్పింది.

ఆ చీమ కథ మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీ ఫోన్ రిపేర్‌కు ఇవ్వండి.

చీమలన్నీ బారు కట్టి పోతుంటాయి. ముందు చీమ ఎటు పోతే వెనక చీమ అటే. అందులో ఒక చీమ ఆగింది. "జీవితమంతా ఇంకొకరి వీపు చూస్తూ బతకాలా?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న! మిగతా చీమలు నవ్వాయి. ఇది పట్టించుకోలేదు. బారు విడిచి ఒక్కతే గోడెక్కింది. జారింది. మళ్లీ ఎక్కింది. మూడు రోజులు అదే పని. చివరికి అటక మీద ఏముంది? బెల్లం గడ్డ! ఆ గడ్డ మీద నిలబడి ఆకాశంలోకి చూసింది. అటక మీద ఆకాశం ఎక్కడిదని నన్ను అడక్కండి, పెద్ద కథల్లో అట్లాంటివి ఉంటాయి. కింద నీతి: 'ఎవరి వెనకా నడవకు. నీ గమ్యం నీదే. నీ దారి నువ్వే వేసుకో.'

దాని కింద ఇంకో లైను: 'ఈ సందేశాన్ని వెంటనే పదకొండు మందికి పంపండి.'

నేను కక్కుర్తి మనిషిని కాదు. నూట నలభై మంది ఉన్న మా గల్లీ గ్రూపులోనే పెట్టేశాను.

వారం తిరిగేసరికి, ఎవరి వెనకా నడవని ఆ చీమ బొమ్మ దాదాపు అందరి డీపీల్లోకీ ఎక్కి కూర్చుంది. ఎవరిది ఏ నంబరో తెలియడం మానేసింది. మా ఆవిడ కమల అనుకుని గ్యాస్ సిలిండర్లు వేసే అతనికి 'పప్పులో ఉప్పు ఎక్కువైంది' అని పెట్టాను. 'సారీ సార్, రేపు చూస్తా' అన్నాడు. ఎంత ఐకమత్యం!

ఇక మార్పులు చూడండి. రేషన్ దుకాణం ముందు ఒకరి వెనక ఒకరు నిలబడటం అవమానం అయిపోయింది. పక్కపక్కనే నిలబడ్డారు. పదహారు క్యూలు, క్యూకు ఒక్కరు. అందరూ ఫస్టే! ఇంతటి సమానత్వం మీ గల్లీలో ఉందా?

మంగలి ఎల్లయ్య నా తల మీద ఎడమ పక్క ఒక రకంగా, కుడి పక్క ఇంకో రకంగా కత్తిరించాడు. ఇదేందిరా అంటే, "అందరికి కొట్టినట్టే నీకు బీ కొడితే నాకేం పేరొస్తదే అన్నా?" అన్నాడు. నేను వారం రోజులు తలకు రుమాలు కట్టుకుని తిరిగాను. ఒక కళాకారుడు ఎదగాలంటే ఎవరో ఒకరు తల ఇవ్వాలి కదా!

మా కమల కూడా ఎదిగింది. ఓ రోజు దుకాణం నుంచి అన్నానికి వస్తే ఇంటికి తాళం. ఫోన్ చేశాను.

"పెండ్లైన కాడికెళ్లి తొమ్మిదింటికి టిఫిన్, ఒంటిగంటకు అన్నం. గదే లైన్ల నడుస్తున్న," అంది. "ఇయ్యాల నా గమ్యం గుడిమల్కాపూర్. మా అక్కోళ్లింటికొచ్చిన. నీ అన్నం నువ్వే వండుకో."

గర్వంగా అనిపించింది. ఆకలిగా కూడా అనిపించింది.

కానీ అసలు వరం వినాయక చవితికి దక్కింది.

మా గల్లీలో నలభై ఇళ్లు. ఇరవై రెండేళ్లుగా ఒకటే వినాయకుడు, ఒకటే మండపం, ఒకటే కమిటీ. ఆ కమిటీకి ఇరవై రెండేళ్లుగా ఒకడే ప్రెసిడెంటు. ఎవరని అడగాలా? చెప్పుకుంటే బాగుండదు. నేనే.

ఈ ఏడు మీటింగ్ పెడితే కృష్ణప్రసాద్ లేచాడు. రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే ఓ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ స్థిరపడిన మనిషి. ఎప్పుడూ గొంతెత్తడు.

"ఏవండీ కైలాసం గారూ, ఇరవై రెండేళ్లండీ! మీరు ముందు, మేము వెనక. జీవితమంతా ఇంకొకరి వీపు చూస్తూ బతకాలా అని చీమే అడిగిందండీ. ఆ కథ పంపింది మీరే కదండీ?"

అంతలోనే బట్టల హోల్‌సేల్ లక్ష్మీకాంత్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "సచ్ బాత్ చెప్పిండు. నేను బీ బారు ఇడిసిన భాయ్. నా మండపం నాకే, నా గణపతి నాకే!"

అరగంటలో ఒక కమిటీ ఏడు కమిటీలైంది. ప్రతి కమిటీకి ఒక ప్రెసిడెంటు. సెక్రెటరీలు ఎవరూ లేరు. సెక్రెటరీ అంటే ప్రెసిడెంటు వెనక నడవాలి కదా, ఎవరొస్తారు?

నేనేమీ బాధపడలేదు. నా గమ్యం నాదేనని చీమ చెప్పింది కాబట్టి, అదేదో పెద్దదే పెట్టుకుందామని తిన్నగా మొగులయ్య దగ్గరికి వెళ్లాను. మొగులయ్య ధూల్‌పేట్‌లో మట్టి వినాయకుల్ని చేసే మనిషి. ఏటా నాకు ఆరడుగుల విగ్రహం ఇచ్చేవాడు. ఈసారి పది అడుగులది కావాలన్నాను.

"పదడుగులా? గది లేవాలంటే పదహారు మంది కావాలె సేటూ," అన్నాడు చేతులకు మట్టి దులుపుకుంటూ. "మీ కమిటీల ఎంతమంది?"

"నేనొక్కణ్ణే. నా గమ్యం నాది."

"గమ్యం నీదే గని, బరువు ఎవలది?"

"నీ మనుషులున్నరు గదా?"

"దించనీకి వస్తరు. నిమజ్జనం నాడు ఎక్కడ దొరుకుతరు? ఆనాడు ఊరంత ఎత్తుడే ఉంటది!"

చదువుకోనివాడు, చీమ కథ వినలేదు పాపం అనుకున్నాను. అతని మనుషులే తెచ్చి గల్లీ మొదట్లో, ఎప్పటి చోటే, నా పది అడుగుల స్వామిని కూర్చోబెట్టి వెళ్లారు. మిగతా ఆరూ అప్పటికే లోపల కొలువై ఉన్నాయి. మా గల్లీకి అవతలి కొస గోడే, ఇవతల నా మండపం పక్కన ఒక స్కూటర్ పట్టేంత సందు మిగిలింది.

ఆ తర్వాతి రోజులు ఏం చెప్పమంటారు! ఏడు మైకులు, ఏడు పాటలు, అన్నీ ఒకేసారి. స్వామికి ఉన్నవి రెండే చెవులైనా పెద్దవి కాబట్టి సరిపోయింది. ఏడు మండపాల్లో ఏడు రకాల పులిహోర. తినడానికి మాత్రం ఎవరూ లేరు. ఎందుకంటే ప్రతి ప్రెసిడెంటూ తన మండపంలో కూర్చుని భక్తుల కోసం ఎదురు చూస్తున్నాడు! నేను వరసగా తొమ్మిది రోజులు నా పులిహోర నేనే తిన్నాను. స్వయంకృషి రుచే వేరు. అజీర్ణం కూడా వేరే.

నిమజ్జనం రోజు వచ్చింది. పంతులు మాత్రం ఏడింటికీ ఒకడే. పొద్దున పది గంటలకల్లా అందరికీ ఉద్వాసన చెప్పేశాడు. అంటే మంత్రం చదివి, స్వామిని కూర్చున్న చోటు నుంచి కొంచెం కదిలిస్తాడు. ఒకసారి కదిలించాక ఆ రోజే గంగకు చేరాలి. తిరిగి కూర్చోబెట్టడం, రేపు చూద్దాం అనడం కుదరదు. ఇరవై రెండేళ్లలో మా గల్లీ స్వామి పొద్దు దాటించుకున్నది లేదు.

రోడ్డు మీద ఏడు డీసీఎం బండ్లు వచ్చి నిలబడ్డాయి. ఒకదాని వెనక ఒకటి, అచ్చం చీమల బారు. నా బండి డ్రైవర్ గౌస్ భాయ్ లోపలికొచ్చి, స్వామిని పైనుంచి కిందికి చూసి, నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"సేఠ్, ఉఠానేవాలే కిధర్?"

ఎత్తేవాళ్లు ఎక్కడని అడిగేసరికి గ్రూపులో మెసేజ్ పెట్టాను: 'ఎత్తడానికి రండి.' నిమిషంలో అరవై బొటనవేళ్లు వచ్చాయి. ఇరవై ఏడు దండాలు వచ్చాయి. ఎవరో ఉత్సాహవంతుడు చీమ కథ మళ్లీ పెట్టాడు. మనిషి మాత్రం ఒక్కడు రాలేదు.

పదకొండయింది. పన్నెండయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ స్వామి ముందు గుంజీలు కూడా తీశాను. స్వామి ఇట్లాగే ఉండిపోతే? రేపు పొద్దున ఈ గల్లీలో తల ఎట్లా ఎత్తుకుని తిరగాలి?

అప్పుడు లోపలి నుంచి లొల్లి మొదలైంది. నా స్వామి కదిలితే తప్ప వెనకున్న ఆరుగురు స్వాములూ బయటికి రాలేరని ఆరుగురు ప్రెసిడెంట్లకు ఒకేసారి తెలిసొచ్చింది!

ముందు లక్ష్మీకాంత్ వచ్చాడు. "ఏందే కైలాసం, తొవ్వకు అడ్డం పెట్టుకుని కూసున్నవ్?"

"నా దారి నేను వేసుకున్న భాయ్."

"నీ దారి నువ్వేసుకున్నవ్, మా దారి మూసినవ్!"

తిట్టుకుంటూనే ఇంట్లోంచి కొడుకుల్ని పిలిచాడు. కృష్ణప్రసాద్ మేడ మీద కిరాయికి ఉండేవాళ్లను దింపాడు. ఎల్లయ్య దుకాణానికి షట్టర్ వేసి వచ్చాడు. లెక్కకు పదహారు మంది పోగయ్యారు. పీట కింద దుంగలు దూర్చారు. ఇక 'జై' అనగానే ఎత్తాలి.

కానీ జై అనాల్సింది ప్రెసిడెంటు కదా? మరి ఉన్నది ఏడుగురు కదా?

ఏడుగురమూ అన్నాం. ఎవడి జైకి వాడు ఎత్తాడు. స్వామి ఎడమవైపు లేచి, కుడివైపు ఒరిగాడు.

"కైలాసం గారూ!" అని అరిచాడు కృష్ణప్రసాద్, దుంగ కింద సగం వంగిపోయి. "మీ గమ్యం నా మీదికొచ్చేస్తోందండీ!"

ఎట్లాగో దించాం. అప్పుడు గల్లీ మొదట్లో పూలమ్ముకునే సత్తెమ్మ బుట్ట పక్కకు జరిపి లేచింది. డెబ్బై ఏళ్ల ముసలావిడ.

"ఓ ప్రెసిడెంట్లూ! అందరు నోర్లు మూస్కోండ్రి. ఒక్క గొంతే ఉండాలె."

"ఎవ్వలిదవ్వా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"మీలో ఎవ్వలిదీ కాదు. నాది."

ఆమె జై అంది. పదహారు మందిమి ఒక్కసారి ఎత్తాం. స్వామి పువ్వులా లేచాడు!

నేను వెనక దుంగ కింద ఉన్నాను. నా ముందు లక్ష్మీకాంత్ వీపు. చెమటకు అంగీ అంటుకుపోయి ఉంది. భుజం మీద, మెడకు దగ్గరగా, పాతది ఒక నల్లటి మచ్చ. ఏటా దుంగ ఆనే చోటు. ఇరవై రెండేళ్లలో నేను ఆ వీపు చూడటం అదే మొదటిసారి. ఎట్లా చూస్తాను? ప్రెసిడెంటు కదా, మెడలో దండ వేసుకుని ముందు నడిచేవాణ్ణి.

"బరువుందా కైలాసం?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"ఉన్నది అన్నా," అన్నాను. అతను నాకంటే రెండేళ్లు చిన్న.

నాది ఎక్కించాక మిగతా ఆరూ అదే పదహారు మందిమి ఎత్తాం. ఎవరిది ముందు అని ఎవరూ అడగలేదు, అడిగే ఊపిరి లేదు. పొద్దుండగానే ఏడు బండ్లూ కదిలాయి.

తిరిగొచ్చి సత్తెమ్మ పక్కన అరుగు మీద కూలబడ్డాను. భుజం మండుతోంది.

"గా చీమ ముచ్చటేందో నాకు బీ చెప్పరాదు బిడ్డా," అంది. "గల్లీ అంత గదే అంటున్నరు. నాకు సదువు రాదాయె."

ఫోన్ తీసి మొత్తం చదివి వినిపించాను. బారు, గోడ, అటక, బెల్లం గడ్డ, ఆకాశం. ఆమె మల్లెలు కట్టుకుంటూ బుద్ధిగా విన్నది.

"ఎక్కింది, మంచిగున్నది. మరి గంత పెద్ద బెల్లం గడ్డ కిందికి ఎట్ల దించింది?"

నేను కథ పైకీ కిందికీ జరిపి చూశాను. ఎక్కడా లేదు.

"అది రాయలేదవ్వా. పదకొండు మందికి పంపుమని మాత్రం ఉన్నది."

"పంపుడెందుకు? పిలువరాదు?"

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నీతి కథలు పంపేవాళ్లకు విగ్రహం పెట్టి తీరాల్సిందే! కాకపోతే కొంచెం చిన్నది పెట్టండి. ఎత్తేవాళ్లు దొరకాలి కదా.