తుప్పు పట్టిన పిన్ను, నోరు విప్పని బావమరిది

సహస్రకిరణుడు రేకుల షెడ్డు కప్పుపై నిప్పులు చెరుగుచున్న ఒక ఘోర మధ్యాహ్నమున, పాత టైర్లు పర్వతములై, నూనె మడుగులు నల్లని సరోవరములై విలసిల్లు మరమ్మతుల ప్రాంగణమున, మూడు నెలల వానలకు తడిసి, తుప్పు కవచము తొడిగి, మట్టి తవ్వు మహాయంత్రపు చేతికిని బకెట్టుకును నడుమ ఒక పిన్ను బిగుసుకొని యుండెను. మూరెడు పొడవు, మణికట్టంత లావు. దాని తోబుట్టువు ఉదయమే లొంగిపోయెను. ఇది మాత్రము రెండు సీసాల డీజిలు తాగియు తూలలేదు.

అది ఊడినగాని వెడల్పు బకెట్టు దిగదు. అది దిగినగాని సన్న బకెట్టు ఎక్కదు. అది ఎక్కినగాని పైపుల గొయ్యి తవ్వుట సాగదు. నాలుగు గంటలకు బండి సిద్ధము కానిచో పని వేరొకరికి ఇచ్చెదనని మేస్త్రి చెప్పి పోయెను.

యంత్రము అక్కది. మెకానిక్కు ఆమె మగడు. డ్రైవరు ఆమె తమ్ముడు. "వీడికి లివర్ల మీద కంటే అద్దం మీదే చూపెక్కువ" అని బావ నలుగురిలో అన్ననాటి నుండి ఆ అభిమానధనుడు మౌనవ్రతము దాల్చెను. గ్రీజు పెట్టితివా అని ఒకడు అడుగడు, పెట్టలేదని ఇంకొకడు చెప్పడు; ఆ నిశ్శబ్దమే పిన్నుకు తుప్పయ్యెను.

ఇప్పుడు బావమరిది పిన్నుకు ఇనుప రాడ్డు ఆనించి రెండు చేతులా పట్టెను. బావ సమ్మెటను గదాదండమువలె ఆకాశమునకెత్తి, ఆగెను. ఏలయన, రాడ్డు పట్టినవాడు "కొట్టు" అనక మునుపు సమ్మెట దిగరాదన్నది ఆ షెడ్డు ధర్మము.

బావమరిది తల ఊపెను.

"మీ తమ్ముడికి చెప్పు, తల ఊపితే కుదరదని. ఈగ వాలినా ఊపుతాడు," అనెను బావ, చెంతనే నిలిచిన అక్కతో.

వాడు ఈల వేసెను.

"ఈలలకి కొట్టను."

"నేను చెప్తున్నాగా, కొట్టండి," అనెను అక్క.

"అక్కడున్న చెయ్యి నీది కాదు. చెయ్యి ఎవరిదో మాట వాళ్లదే. వేళ్లు నలిగితే రేపు బండి ఎవరు నడుపుతారు? గీత గీసినట్టు గొయ్యి తీసేవాడు మీ తమ్ముడు కాక ఇంకెవడున్నాడు నాకు?"

ఆ వాక్యము చెవిన పడినంతనే, సమ్మెట గాలిలో వణకుచుండగా, గడియారపు ముల్లు మూడు దాటుచుండగా, అక్క ఊపిరి బిగబట్టి చూచుచుండగా, తొంబది దినముల మహావ్రతము భళ్లున పగిలెను.

"కొట్టు బావా."

"ఏంటీ?"

"కొట్టమన్నా. మళ్లీ చెప్పించకు."

దిక్కులు మారుమ్రోగెను. పిన్ను కదలలేదు. దెబ్బకొక మాట చొప్పున మరల మరల చెప్పవలసి వచ్చెను.

"కొట్టు బావా. ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది."

"అవున్లే. సరిగ్గా పట్టుకో."

"పట్టుకున్నా. కొట్టు."

ముప్పది ఒకటవ దెబ్బకు గోరంత జరిగెను. నలుబది మూడవ దెబ్బకు ఆ లోహవీరుడు నేలగూలెను.

మేస్త్రి గేటు తోయుసరికి నాలుగుకు ఐదు నిమిషములు తక్కువ. సన్న బకెట్టు ధ్వజమువలె నింగిన నిలిచియుండెను. పదునాలుగు లోకములారా, వినుడు! మూరెడు ఇనుము మూరెడు దూరము జరిగినది! నేలబడిన పిన్నను ఆ జయస్తంభమును దారిలోనుండి ఎవరు తీయవలెనను విషయమై బావయు బావమరిదియు నోరారా పోట్లాడుకొనుచుండగా, అక్క గోడకానుకొని కూర్చుండి, ఎవరినీ ఆపక, తనివితీర వినుచుండెను.