పైన వెలిగించాలా, కింద వెలిగించాలా?

“ఈ బెల్‌గ్రేడ్ నగరంలో ఏ రహస్యమూ నా కన్నుగప్పి పోలేదు. ఎందుకంటే ఈ కన్ను మూతపడదు!” అని ప్రకటించాడు స్వెతొజార్, మా వీధిలో ఉండే దెసంకక్కయ్య వంటింట్లో మూడో కప్పు కాఫీ తాగుతూ. మావాడు రిటైరయ్యాక డిటెక్టివ్ అయ్యాడు. అంతకుముందు ట్రాముల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. వాడి పక్కింట్లో ఉండడం నా ఖర్మ.

కేసు అక్కయ్యది. వాళ్లన్నయ్య మియొద్రాగ్ 1941 ఏప్రిల్‌లో, జర్మన్లు బాంబులు వేసిన పొద్దున, యుద్ధవిమానం ఎక్కాడు. తిరిగి రాలేదు. శవమూ రాలేదు.

“చర్చిలో బతికున్నవాళ్లకి కొవ్వొత్తి పైన వెలిగిస్తాం, పోయినవాళ్లకి కింద ఇసకలో. అన్నయ్య కొవ్వొత్తి పట్టుకుని నేను మధ్యలో నిలబడిపోతాను నాయనా. నేను పోయేలోపు అదొక్కటి తెలిస్తే చాలు. అప్పుడు నేను పదేళ్ల పిల్లని. తనకి ఉన్నితో చేతి తొడుగులు అల్లాను. చేతి వెనక గులాబీ వేశాను. తీరా చూస్తే రెండూ ఎడమచేతివే! కుడిచేతికి తొడిగితే గులాబీ అరచేతిలోకొచ్చింది. అన్నయ్య నవ్వి నవ్వి, అవే వేసుకుని వెళ్లాడు.”

“అల్లికలు పక్కన పెట్టండి. నాకు కావలసింది ఆధారాలు!” అన్నాడు డిటెక్టివ్.

వారం రోజులు మిలటరీ రికార్డుల గదిలో దుమ్ము మింగాం. తేలింది ఇంతే: ఇంజన్‌కి మంటలంటుకున్నాయి, విమానం చివరిసారి యసెనిక్ ఊరి మీద కనిపించింది, ఆపైన జాడ లేదు.

“దొరికాడు!” అని అరిచాడు స్వెతొజార్. పక్క బల్ల దగ్గర ముసలాయన కళ్లజోడు కిందపడింది. “ఇచ్చిన బూట్లు తిరిగి జమ కాలేదు! అంటే ఆ బూట్లలో ఇంకా కాళ్లున్నాయి. ఆ కాళ్లు నడుస్తున్నాయి!”

“అరవయ్యేళ్లుగా అవే బూట్లా?”

“మిలటరీ బూట్లురా. మామూలువి కావు.”

ఈ ముక్క తిన్నగా అక్కయ్య చెవిన వేశాడు. “అయితే పైన వెలిగించనా?” అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు వాడి పీక పిసకాలనిపించింది.

“రుజువు తెచ్చేదాకా ఆగక్కయ్యా” అన్నాను.

శనివారం యసెనిక్ బస్సెక్కాం. “నిఘా నాది. నువ్వు పడుకో” అన్నాడు. పడుకున్నాను. లేచేసరికి బస్సు చివరి స్టాపులో ఉంది. మూతపడని కన్ను గురక పెడుతోంది. యసెనిక్ ఎప్పుడో దాటిపోయింది. తిరుగు బస్సు సాయంత్రానికి గానీ లేదు.

ఆ చివరి స్టాపు ఊళ్లో నరమానవుడు లేడు. ఆ రోజు పెద్దలకు పెట్టే శనివారం, అందరూ శ్మశానంలోనే ఉన్నారు. ఆకలికి మేమూ అటే నడిచాం. గేటు పక్కన పేరు లేని చెక్క సిలువ. దాని ముందు వేడివేడి చీజ్ రొట్టె, గ్లాసెడు సారా.

“పేరు లేదంటే వారసులు లేరు. వారసులు లేరంటే అభ్యంతరం లేదు” అని తర్కించి మావాడు సగం రొట్టె లాగించేశాడు.

“ఒరేయ్ తిండిపోతు సచ్చినోడా! పైలట్ బాబు రొట్టె తింటావట్రా!” ఒక ముసలావిడ చేతికర్రతో వచ్చింది. వీపు మీద ఒకటి పడింది కూడా.

“ఎ... ఎవరి రొట్టె?”

“యుద్ధంలో ఆకాశంలోంచి పడ్డ బాబుది. విమానం మా పొలంలోనే కాలిపోయింది, బాబు మాత్రం దూరంగా పడ్డాడు. జర్మన్లొస్తారని మా అమ్మ హడావిడిగా పాతిపెట్టింది. పేరు తెలీదు. అందుకని ఏటా ఇంటికొకరం వంతులేసుకుని పెడుతున్నాం.” ఆవిడ గొంతు తగ్గింది. “ఏ తల్లి కన్నదో! చేతులకి సరైన తొడుగులైనా లేవు. రెండూ ఎడమచేతివే. కుడి అరచేతిలో గులాబీ. అమ్మ పారెయ్యలేక దాచింది. ఇంట్లో ఉన్నాయి.”

స్వెతొజార్ నోట్లో ముద్ద ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. వాడికీ వచ్చింది. ఇన్నేళ్లుగా వెతికినవాళ్లంతా మెలకువగా ఉండి యసెనిక్‌లోనే దిగిపోయారు మరి.

మర్నాడు చర్చిలో అక్కయ్య ఆ తొడుగుల్ని గుండెకి అదుముకుని, వంగి, కింద ఇసకలో కొవ్వొత్తి గుచ్చింది. చాలాసేపు ఏడ్చింది. లేచేసరికి ముఖం తేటపడింది.

“అదీ నా పద్ధతి అక్కయ్యా! బస్సులో పథకం ప్రకారమే కళ్లు మూశాను” అన్నాడు మావాడు, వీపు తడుముకుంటూ.

అక్కయ్య ఇంకో కొవ్వొత్తి తీసి పైన వెలిగించింది.

“ఇదెవరికి?”

“నీకేరా, నిద్రమొహమా! నూరేళ్లు బతుకు. ఇంకా ఎందరి అన్నయ్యలు ఏ చివరి స్టాపులో ఉన్నారో!”