కొత్తల్లుడూ పొదుగు పెట్టా

"ఇవాళ మధ్యాహ్నానికి ఆ పెట్టను కోసేయాలి" అంది మల్‌యే, పొయ్యిలోకి చితుకులు ఎగదోస్తూ మొగుడితో.

బోంగ్‌సిక్ నోట్లో ముల్లంగి కిమ్చి పచ్చడి ముక్క అలాగే ఉండిపోయింది. కూతురు సున్‌దొక్ పెళ్లయ్యాక తొలిసారి మొగుణ్ణి వెంటబెట్టుకుని వస్తోంది. కొత్తల్లుడొస్తే దొడ్లో గుడ్లుపెట్టే పెట్టనే కోసి పెట్టాలి. కొరియాలో ఈ జొల్లా పల్లెల్లో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఆ వాసన గోడ దాటకపోతే సాయంత్రానికల్లా ఊరంతా గుసగుసలే. కానీ దొడ్లో కండపట్టిన పెట్ట ఒక్కటే ఉంది. అది పొదుగు మీదుంది. గుడ్లలోంచి అప్పుడే కిచకిచలు వినబడుతున్నాయి.

"రెండ్రోజులు ఆగరాదే! పిల్లలు లేస్తున్నాయి."

"అల్లుణ్ణి ఆగమని నువ్వే చెప్పు. పిల్లలదేముంది, సంతలో కొనుక్కో."

సంత పిల్లల సంగతి బోంగ్‌సిక్‌కు తెలియనిదా! రెండేళ్లుగా కొంటున్నాడు, పెట్టెలో పెంచుతున్నాడు, దొడ్లోకి వదులుతున్నాడు. వదిలిన పూటే పెద్దకోళ్లు పొడిచి చంపేస్తున్నాయి. అదే మందలో తల్లి రెక్క కింద పెరిగిన పిల్లయితే దాని జోలికి ఏ కోడీ పోదు. తల్లి ఊరుకోదు కదా. అందుకే ఈ పెట్ట పొదుగుకు వచ్చిన రోజున, మనవడు పుట్టబోతున్నంత సంబరంగా ఊరందరికీ చెప్పుకున్నాడు.

భార్య నీళ్లకు వెళ్లగానే పెట్టను గంపతో సహా ఎత్తుకుపోయి కిమ్చి జాడీల కొట్టంలో దాచాడు. పట్టపగలు తావు మారిస్తే పొదుగు కోడి ఒప్పుకుంటుందా? ఎగిరి అతని ముక్కు మీద ఒక్క పోటు పొడిచి, కట్టెల వెనక దూరింది. ఎంత బతిమాలినా బయటికి రాలేదు. గుడ్లు చల్లబడిపోతున్నాయి. ఏం చేయాలో తోచక, పొయ్యి వేడి నేల కిందుగా పాకే గదిలోకి పరుగెత్తి, లోపలి వెచ్చని మూలలో గుడ్లు పేర్చి బొంత కప్పాడు.

ఆ మూల పెద్ద అతిథి కూర్చునే చోటని, అల్లుడు తేగ్యు గుమ్మంలో బూట్లు విప్పుతుండగా గుర్తొచ్చింది.

"రండి అల్లుడుగారూ, లోపలికొచ్చి వెచ్చగా కూర్చోండి" అంది మల్‌యే.

"అక్కడొద్దు!" బోంగ్‌సిక్ చేతులు చాచి అడ్డంపడ్డాడు. "గుమ్మం దగ్గరే కూర్చో బాబూ. గాలి బాగా వస్తుంది."

బయట మంచు ఇంకా కరగలేదు. మల్‌యే మొగుణ్ణి కాల్చేసేలా చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. తేగ్యు గుమ్మం దగ్గర ముడుచుకున్నాడు.

"ముష్టివాడొచ్చినా అక్కడ కూర్చోబెట్టవు కదా నాన్నా!" సున్‌దొక్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాదే తప్పులే. సరిగ్గా దండం పెట్టలేదని మామగారికి కోపమొచ్చినట్టుంది" అంటూ తేగ్యు లేచి, ముందుకొచ్చి, మోకాళ్లూని నిండుగా వంగాడు. నుదురు సరిగ్గా బొంత మీదికే దిగుతోంది. బోంగ్‌సిక్ అతని భుజాలు పట్టి ఒక్క తోపు తోశాడు. అల్లుడు వెల్లకిలా పడ్డాడు.

బొంత కిచకిచమంది.

"మామగారూ," అన్నాడు తేగ్యు పడుకునే, "మీ బొంతలో ఎవరో ఉన్నారండీ."

ఇంతలో మల్‌యే పొగలు కక్కే పులుసు తెచ్చింది. ఆమె చేతికి ఒక ఈక అంటుకుని ఉంది. బోంగ్‌సిక్ గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏ కోడే ఇది?"

"నోరు మూసుకుని తిను."

తల్లి గిన్నెలో, పిల్లలు బొంతలో! రేపు వీటిని దొడ్లోకి వదిలితే కాపాడేదెవరు? అతను భోరుమన్నాడు.

"అలాంటిది మళ్లీ దొరకదు బాబూ! ఒక్క రోజైనా గడప దాటి తిరిగి ఎరగదు."

"నాకు తెలుసండీ. పువ్వులా చూసుకుంటాను" అన్నాడు తేగ్యు, పెళ్లాం వైపు చూసి కళ్లు తుడుచుకుంటూ. సున్‌దొక్ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే మొగుడి గిన్నెలో తొడముక్క వేసింది. అతను పళ్లతో ఎంత పీకినా కండ ఊడిరాలేదు.

భోజనాలయ్యాక మల్‌యే మొగుణ్ణి కొట్టంలోకి ఈడ్చుకుపోయింది. "సిగ్గులేదూ, కోడి కోసం అల్లుడి ముందు శోకాలా?"

గంపలో పెట్ట ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. దాని కింద బంగాళాదుంపలు.

"కట్టెల వెనక కనబడింది. గుడ్లేం చేశావో తెలీదు. పొదుగు వదిలేస్తుందేమోనని దుంపలు పెట్టా. కోసింది పుంజునయ్యా! గిన్నెలో పడ్డాక పుంజేమిటి, పెట్టేమిటి?"

చీకటిపడుతుండగా బోంగ్‌సిక్ దుంపలు తీసేసి, ఒక్కొక్క పిల్లనూ రెక్క కిందికి జార్చాడు. పెట్ట మెల్లగా కొక్కొక్కమంటూ అన్నిటినీ పొదివి పట్టుకుంది. అతను పెళ్లాం చెయ్యి పట్టుకుని మళ్లీ ఏడ్చాడు.

మర్నాడు ఎండ గోడ ఎక్కేదాకా ఇంట్లో ఎవరికీ మెలకువ రాలేదు. కూయడానికి పుంజు లేదు మరి. తేగ్యు గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తేసరికి, పట్నానికి రోజూ ఉండే ఆ ఒక్క బస్సూ మలుపు తిరిగిపోయింది.

"ఇంకో పూట ఉంటాంలే నాన్నా" అంది సున్‌దొక్ సంతోషంగా.

వంటింట్లో కత్తి నూరుతున్న చప్పుడు మొదలైంది.