మూడో నంబరు గ్లాసు

పెళ్ళైన ప్రతి మగవాణ్ణీ చట్టం చేసి మరీ ఒక విస్కీ క్లబ్బులో చేర్పించాలి! ఇది నేను బాగా ఆలోచించి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెబుతున్న మాట.

ముక్కున వేలేసుకున్నారా? తీసెయ్యండి. ముక్కుని అలా ఇబ్బంది పెట్టకూడదని మా ఆయన చెబుతారు. ముక్కు సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మా ఆయన ఒక సిమెంటు కంపెనీలో కొనుగోళ్ళ విభాగం చూస్తారు. నెలకో సాయంత్రం మాత్రం ఆయన కొనుగోళ్ళ ఆఫీసరు కాదు, ఒక ముక్కు. ఆ సాయంత్రం సభ్యుల్లో ఒకరి ఇంట్లో వాళ్ళ క్లబ్బు బ్లైండ్ టేస్టింగ్ ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. సీసా మీద పేరు కనబడకుండా ముసుగేస్తారు. గ్లాసుల్లో ఒక్కో గుక్క పోసి నంబర్లు అంటిస్తారు. సభ్యులు వాసన చూసి, చప్పరించి, కళ్ళు మూసుకుని, అందులో ఏమేం కనబడుతున్నాయో చెప్పి మార్కులు వేస్తారు. తాగడం అనకూడదు. ఆ మాట అన్నందుకు ఒకసారి నాతో పూటంతా మాట్లాడలేదు.

ఈ క్లబ్బు వల్ల సంసారాలకి ఒనగూడే మేలు ఇంతా అంతా కాదు.

మొదటిది, భాష. పెళ్ళైనప్పటి నుంచీ నా వంట గురించి మా ఆయన రెండు మాటలే వాడారు. ఒకటి "ఊఁ". రెండోది "ఊఁ?" అది ఇంకొంచెం వడ్డించనా అని నేను అడిగినప్పుడు. అలాంటి మనిషి గుక్కెడు విస్కీ వాసన చూసి, "వానలో తడిసిన గొడుగు, కొత్త చెప్పుల పెట్టె, తలుపులేసిన గదిలో మగ్గిన యాపిల్" అన్నారంటే ఏ భార్య గర్వపడదు? ఇంత మాటకారితో ఇన్నాళ్ళు కాపురం చేస్తూ కనుక్కోలేకపోయానే అని నా మీద నాకే కోపం వచ్చింది.

రెండోది, మేజోళ్ళు. సీసాలకి వేసే ముసుగు మేజోడే! మా ఇంట్లో క్లబ్బు జరిగినప్పుడు మా ఆయన మేజోళ్ళే వాడతారు. అవి సబ్బు వాసన లేకుండా ఉతకాలని క్లబ్బు నియమం. అంతవరకూ సోఫా కింద ఒకటీ, కారులో ఒకటీ వదిలేసే మనిషి ఇప్పుడు జతలు జతలుగా మడిచి తెచ్చి చేతికిస్తున్నారు. ఏ భార్య పోరు వల్ల అవుతుందండీ ఈ పని?

మూడోది, థీమ్. ప్రతి నెలా ఒక థీమ్ ఉంటుంది. సముద్రతీరం థీమ్ నాడు క్లబ్బు ప్రెసిడెంటైన పళ్ళ డాక్టరుగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని వచ్చారు. గ్రంథాలయం థీమ్ నాడు అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. పక్కింటావిడ ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి చూసి వెళ్ళింది. వాన థీమ్ నాడు లిఫ్టులు బాగుచేయించే ఇంజనీరుగారు తడి గొడుగు తెచ్చి మా హాల్లో విప్పి నిలబెట్టారు. బయట ఎండ మండిపోతోంది. పాపం, ఇంటి దగ్గర కొళాయి కింద తడుపుకుని తెచ్చారు. ఈ వయసులో మగవాళ్ళకి ఇంత శ్రద్ధ ఇంకెక్కడ అబ్బుతుంది?

నాలుగోది నాకు ప్రాణం. క్లబ్బు రోజున ఆ ఇంట్లో ఏ వాసనా ఉండకూడదు. పొద్దుటి నుంచీ పోపు బంద్. ఉల్లిపాయ బంద్. ఫినాయిలు కూడా బంద్. అంటే వంటకి సెలవు! ఆ రోజు బ్రెడ్డు ముక్క తిని కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. మేజోళ్ళు తొడగడం, గ్లాసులు కడగడం, ఆరబెట్టడం, తుడవడం, నంబర్లు అంటించడం, పొయ్యడం తప్ప నాకు ఇంకే పనీ ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ మధ్య నాకు జలుబూ జ్వరమూ వచ్చి తగ్గాయి. పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయాయి. ఉల్లిపాయ కోస్తే కళ్ళనీళ్ళు వస్తున్నాయి కానీ అది ఉల్లిపాయని ముక్కుకి తెలియడం లేదు. డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసింది. "తిరిగి రావచ్చండీ. ఎప్పుడని మాత్రం చెప్పలేను. ఈలోగా పొయ్యి దగ్గర జాగ్రత్త. గ్యాసు లీకైనా, ఏదైనా మాడినా మీకు తెలియదు. ఇంట్లో ఎవరి ముక్కైనా కాస్త ఆసరా చేసుకోండి" అంది.

చూశారా నా అదృష్టం! ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళకి ఇంట్లోనే శిక్షణ పొందిన ముక్కు ఉంటుంది?

ఇంటికి రాగానే మా ఆయనకి చెప్పాను. "అలాగా" అన్నారు. గ్లాసులు తుడిచే గుడ్డకి ఏదో వాసన ఉందేమో చూస్తున్నారు అప్పుడు.

మర్నాడే ఆ ముక్కు అవసరం పడింది. ఫ్రిజ్‌లో పాలు బాగున్నాయో లేదో తెలియలేదు. గ్లాసులో పోసి ఇచ్చాను. మా ఆయన గ్లాసుని గుండ్రంగా తిప్పారు. ఒక ముక్కు రంధ్రంతో చూశారు, తర్వాత రెండో దానితో చూశారు.

"మొదట్లో పచ్చిగడ్డి... మధ్యలో కొంచెం సుద్దముక్క... చివర్న పులుపు. కానీ నిజాయితీ ఉన్న పులుపు" అన్నారు.

"చెడిపోయాయా, లేదా?"

"అలా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలాగోయ్?"

నేనే తేల్చాల్సి వచ్చింది. కాచాను. విరిగిపోయాయి.

ఇంకోరోజు గ్యాసు వాసనేమైనా వస్తోందేమో చూడమన్నాను. ఆ వారం కుదరదన్నారు. టేస్టింగ్ దగ్గర పడుతుంటే ముక్కుకి విశ్రాంతి ఇవ్వాలిట. కనబడిన ప్రతిదీ వాసన చూస్తే మొద్దుబారిపోతుందిట. నిజమే కదా! అంత విలువైన వస్తువుని ఎవరైనా ఇంటి పనులకి వాడతారా? నేను కిటికీలన్నీ తెరిచి, దేవుడి మీద భారం వేసి పొయ్యి వెలిగించడం అలవాటు చేసుకున్నాను. వెలిగించే ముందు లైటరు రెండుసార్లు తీసి కింద పెట్టేసేదాన్ని. అదొక్కటే చిన్న ఇబ్బంది.

తర్వాతి టేస్టింగ్ మా ఇంట్లోనే పడింది. థీమ్, పొగ.

కొన్ని విస్కీలకి బార్లీ గింజలు ఆరబెట్టేటప్పుడే పొగ పట్టిస్తారుట. ఆ సాయంత్రం గ్లాసుల్లో అన్నీ అలాంటివే. ఒక్కటి తప్ప. వాళ్ళ ఆచారం ప్రకారం ప్రతిసారీ ఒక దొంగ గ్లాసు పెడతారు. థీమ్‌తో ఏ సంబంధమూ లేనిది. దాన్ని పట్టుకున్నవాడే మొనగాడు. ఏది దొంగదో గ్లాసులు నింపిన మనిషికే తెలుస్తుంది. అంటే నాకు. ఆ రోజు దొంగది మూడో నంబరు గ్లాసు. పొగ లేదు సరికదా, దానంత సాధువైన విస్కీ ఇంకోటి లేదని సీసా తెచ్చిన ఇంజనీరుగారే నా చెవిలో చెప్పారు.

లోపలి గదిలో మా అత్తగారు ఉంటారు. చూపు బాగా తగ్గింది. సాయంత్రం గ్లాసెడు వేడి పాలు తాగితే తప్ప ఆవిడకి నిద్రపట్టదు. పొంగితేనే వాసన, సన్నసెగ మీద పరవాలేదని క్లబ్బు వారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి తలుపు దగ్గరగా వేసి, మా ఆయన్ని పక్కకి పిలిచాను.

"ఏమండీ, పాలు పెట్టాను. నాకు తెలియదు కదా, మాడినట్టనిపిస్తే ఒక్క కేక వెయ్యండి."

"నా ముక్కు ఉండగా నీకెందుకోయ్ భయం?" అన్నారు. కోటుకి పెట్టుకున్న క్లబ్బు బ్యాడ్జీ తళతళలాడింది.

వెళ్ళి పాలు చూసుకుందామని నేను అనుకుంటూనే ఉన్నాను. కానీ ప్రెసిడెంటుగారికి తన గ్లాసు అంచున ఒక నూలుపోగు కనబడింది. గ్లాసులన్నీ మళ్ళీ కడగమన్నారు. కడిగాను. దీపానికెదురుగా పెట్టి ఒక్కొక్కటీ చూసి తుడిచాను. నూలుపోగు నాకూ గిట్టదు.

ఒకటో గ్లాసుకి పదికి ఆరు మార్కులొచ్చాయి. రెండో దానికీ అంతే. మూడోది చేతుల్లోకి తీసుకున్నారు.

"దూరంగా ఎవరో చలిమంట వేసినట్టుంది" అన్నారు ప్రెసిడెంటుగారు.

నాకు నవ్వొచ్చింది. అది దొంగది కదా! పెదవి కొరుక్కుని ఊరుకున్నాను.

"దూరంగా కాదు సార్, దగ్గరికొచ్చేసింది" అన్నారు బీమా కంపెనీ ఆఫీసరుగారు.

"అబ్బ! కళ్ళలోకి ఎక్కుతోందండీ. విస్కీ అంటే ఇదీ!" ఇంజనీరుగారు జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నారు. పొగ లేని సీసా తెచ్చింది ఆయనే. ఆయనే పోల్చుకోలేదు.

అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"పాలు" అన్నారు. "కాలిన పాలు. మీగడ దాకా నల్లబడిన పాలు. అడుగున... అడుగున ఏదో ఉంది... ఆఁ! అల్యూమినియం!"

చప్పట్లు!

చప్పట్లు ఆగకముందే లోపలి గది తలుపు దభాలున తెరుచుకుంది. గోడ పట్టుకుని మా అత్తగారు నిలబడి ఉన్నారు.

"ఒరేయ్! పాలు మాడి చస్తున్నాయిరా! ఇంతమంది కూచుని ఏం వాసన చూస్తున్నార్రా?"

నేను పరిగెత్తాను. పొగలో వంటిల్లు కనబడలేదు. తడుముకుంటూ పొయ్యి కట్టేశాను. గిన్నె బొగ్గయిపోయింది. పక్కన వేలాడే మసిగుడ్డ అంచు అంటుకుని ఎర్రగా పాకుతోంది. దాన్ని సింకులో పడేసి కొళాయి తిప్పాను. ఆ గుడ్డకి జానెడు పైన కర్టెను ఉంది. దాని అవతల గోడ, ఆ గోడ అవతల మా అత్తగారి మంచం.

గిన్నెని పట్టకారుతో పట్టుకుని హాల్లోకి వచ్చాను. మూడో గ్లాసు దొంగదని చెప్పాను.

ఒక్కరైనా సిగ్గుపడతారేమో అనుకున్నాను. మీరూ అనుకుంటున్నారు. అది మన అల్పబుద్ధి.

"ఒకసారి మార్కులు వేశాక మార్చే పద్ధతి లేదు. మూడో గ్లాసుదే మొదటి స్థానం" అన్నారు ప్రెసిడెంటుగారు. దొంగ గ్లాసుని ఎవరూ పట్టుకోలేదు కనక, అందరికన్నా సూక్ష్మంగా వాసన చెప్పినవారికి 'ఈ సాయంత్రపు ముక్కు' బిరుదు ఇవ్వాలని తీర్మానించారు. అది మా ఆయనకే వచ్చింది. నేను అన్యాయంగా మాట్లాడను. పాలన్నారు, పాలే. మీగడన్నారు, మీగడే. అల్యూమినియం అన్నారు, అదిగో, పట్టకారు చివర అదే. ఒక్క అక్షరం తప్పు లేదు.

వెళ్ళేటప్పుడు పళ్ళ డాక్టరుగారు నన్ను ఆపి, "గిన్నె ఏ సైజుదండీ? వచ్చే ఏడాది పొగ థీమ్ మా ఇంట్లో" అన్నారు.

మర్నాడు కాఫీ ఇస్తూ మా ఆయన్ని అడిగాను. "పాలు మాడుతున్నాయని మీకు తెలిసింది కదా. మరి చెప్పలేదేం?"

ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "చెప్పలేదేమిటోయ్! అందరికన్నా ముందు చెప్పింది నేనే కదా!"

చెప్పారు. గ్లాసుకి చెప్పారు.

ఆ పూట నేను పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి వంటింట్లో కుర్చీ వేసి ఉంది. మా అత్తగారు అందులో కూర్చుని ఉన్నారు. ఆ కుర్చీ ఎలా ఈడ్చుకొచ్చారో తెలియదు. "నాకు కళ్ళు లేవు, నీకు ముక్కు లేదు. కానియ్" అన్నారు.

ఆవిడకి టేస్టింగ్ పద్ధతులేమీ తెలియవు. మేజోళ్ళు అక్కర్లేదు. మొదట్లో, మధ్యలో, చివర్న అని విడదియ్యడం చేతకాదు. "మాడుతోంది, దించు." "పులిసింది, పారబొయ్యి." "గ్యాసు, కట్టెయ్." భాష మరీ బీదది. మార్కులైతే బొత్తిగా వెయ్యరు. ఇలాంటి ముక్కుని ఏ క్లబ్బూ గడప తొక్కనివ్వదు. నేను మాత్రం లైటరు తీసి మళ్ళీ కింద పెట్టడం మానేశాను.

మొన్న ఒక ఉదయం కూర కలుపుతూ, ఎందుకో సెగ తగ్గించి గిన్నె దించాను. వెనక కుర్చీలో కాస్త కదలిక.

"వచ్చిందా?" అన్నారు మా అత్తగారు.

"ఏమిటత్తయ్యా?"

"నేను చెప్పకుండానే దించావుగా."

అప్పుడు తెలిసింది నాకు. మాడబోయే ఉల్లిపాయ వాసన. సన్నగా, ఎక్కడో పక్క వీధిలోంచి వస్తున్నట్టు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"అయితే నేను లేవనా మరి?" అన్నారావిడ.

"కూచోండత్తయ్యా. ఇంకా పూర్తిగా రాలేదు" అన్నాను. అది అబద్ధమని ఆవిడకి తెలుసు. లేవలేదు.

మా ఆయనకి మాత్రం ఇంకా చెప్పలేదు. పోయినప్పుడు చెప్పాను కదా, వచ్చినప్పుడు ఆయన్నే కనుక్కోనిద్దామని. నా వరకు ఇదీ ఒక బ్లైండ్ టేస్టింగే. నా మీద ముసుగు నేను వెయ్యలేదు. ఎప్పటి నుంచో ఉంది.

ఇదంతా ఇలా అచ్చువేయిస్తే ఆయనకి తెలిసిపోదా అని మీకు సందేహం రావచ్చు. భయం లేదు. పత్రిక మొదట ఆయన చేతికే వెళుతుంది. సరిగ్గా ఈ పేజీ విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "తడి సిరా... కొత్త అట్టపెట్టె... చివర్న కొంచెం ఘాటు" అంటారు.

ఏడు మార్కులు వేసి, మడిచి పక్కన పెట్టేస్తారు.